హైదరాబాద్ శివార్ల నీళ్లు: ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎక్కడికి పోతున్నాయి

నిజాంపేట, బాచుపల్లి, అమీన్‌పూర్, మణికొండ, బోడుప్పల్... మార్చి దాటిందంటే చాలు, ఈ ఊళ్ల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే టెన్షన్, ఈ రోజు ట్యాంకర్ వస్తుందా రాదా అని. ఉన్న బోరు ఎండిపోయి ఉంటుంది. ఇంకోటి వేద్దామంటే కింద అంతా గ్రానైట్ రాయి, వెయ్యి అడుగులు దిగినా తడి తగులుతుందన్న గ్యారంటీ లేదు. రాతి మీదున్న మెత్తటి పొరలో, రాతి పగుళ్లలో ఉన్నన్ని నీళ్లే ఇక్కడి భూగర్భ జలం, అవి అయిపోయాయంటే మళ్లీ వాన పడి ఇంకేదాకా ఆగాల్సిందే.

ముందు డబ్బు లెక్క చూడండి. వాటర్ బోర్డు నల్లా నీళ్లకు ఇళ్ల కేటగిరీలో మొదటి శ్లాబులో కిలోలీటరుకు, అంటే వెయ్యి లీటర్లకు 10 రూపాయలు. అదే బోర్డు పంపే 5 వేల లీటర్ల ట్యాంకర్ 500 రూపాయలు, అంటే కిలోలీటరు 100. ప్రైవేటు ట్యాంకరైతే ఏప్రిల్, మే నెలల్లో వాడు చెప్పిందే రేటు. ఇక 2021 జనవరి నుంచి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం అన్న పథకం అప్పటి జీహెచ్‌ఎంసీ హద్దుల లోపలి వాళ్లకే వచ్చింది. హద్దుకు ఇవతలి కాలనీలో నీళ్లు ఫ్రీ, అవతలి కాలనీలో కిలోలీటరు వంద రూపాయలు. రెండు కాలనీల వాళ్లూ ఒకే ఆఫీసులకు పోతారు, ఒకే బస్సెక్కుతారు, కట్టే ఈఎంఐలూ ఒకేలా ఉంటాయి.

దీన్ని నీళ్ల కొరత అని చెప్పి వదిలేయడం సులువు. కొరత ఉన్న మాట నిజమే. అయితే శివార్ల దాకా వచ్చే దాదాపు ప్రతి చుక్కా ఇంకో జిల్లా నదిలోదో, ఇంకో జిల్లా ప్రాజెక్టులోదో. వాడిన తర్వాత అది మళ్లీ ఇంకో జిల్లా మీదకే పోతుంది. ఇచ్చేవాళ్లు, వాడేవాళ్లు, మురుగు భరించేవాళ్లు ఈ ముగ్గురూ కలిసి కూర్చుని, కరువొస్తే ఎవరికెంత అని ముందే రాసుకున్న కాగితం లేదు. సమస్యకు మూలం అక్కడుంది.

1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో కట్టిన ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1920లో పూర్తయింది. 1927లో హిమాయత్‌సాగర్. ఊరి పక్కనే చెరువు, వాలులో నీళ్లు వాటంతటవే వచ్చేవి, కరెంటు ఖర్చు లేదు. ఊరు పెరిగింది, 1960ల్లో మంజీర దగ్గరికి పోయాం. సరిపోలేదు, 1990ల మొదట్లో అదే నది మీద ఇంకా పైనున్న సింగూరుకు పోయాం. 2004లో కృష్ణా మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది, ఒక్కోటి రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు, అంతా నాగార్జునసాగర్ వెనక నీళ్లే. 2015 చివర్లో ఎల్లంపల్లి నుంచి గోదావరి, దాదాపు 186 కిలోమీటర్ల లైను, ఏడాదికి 10 టీఎంసీలు. ఎల్లంపల్లి మొత్తం నిల్వే 20 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 2,830 కోట్ల లీటర్ల పైమాటే. ఇప్పుడు మల్లన్నసాగర్ నుంచి మరో 20 టీఎంసీలు తెచ్చే గోదావరి రెండు, మూడు దశలకు 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది, అంచనా 7,360 కోట్లు.

అడుగడుగునా ఒకటే పద్ధతి. దగ్గరున్నది చాలక దూరం పోతాం, దూరం పోయేకొద్దీ ఎత్తిపోతల కరెంటు బిల్లు పెరుగుతుంది. వచ్చిన నీళ్లు ముందు పాత సిటీకి, తర్వాత కొత్త సిటీకి, లైను చివర్లో మిగిలితే శివార్లకు. 2007లో 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేసినప్పుడు కూకట్‌పల్లి, ఎల్బీ నగర్, మల్కాజిగిరి లాంటివి చివరి నుంచి కాస్త ముందుకు జరిగాయి, వాటి అవతల కొత్త చివర పుట్టింది. ఇప్పుడున్న సీన్ అదే.

2016 వేసవిని గుర్తు చేసుకోవాలి. రెండేళ్లు వరసగా వానలు సరిగా పడక గండిపేట, హిమాయత్‌సాగర్, మంజీర, సింగూరు నాలుగూ అడుగంటాయి. కోటి మంది దాకా ఉన్న మహానగరం అంతా కృష్ణా, గోదావరి పైపుల మీదే బతికింది. ఎల్లంపల్లి లైను ఆరు నెలలు ఆలస్యమై ఉంటే ఆ వేసవి ఎట్లా గడిచేదో ఊహకే భయమేస్తుంది. అధికారులు, ఇంజనీర్లు చాలా కష్టపడ్డారు, అది ఒప్పుకోవాలి. అయితే అదే సమయంలో మెదక్ వైపు ఘనపూర్ ఆనకట్ట కింది రైతుల సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. సింగూరు నిల్వ 29.9 టీఎంసీలు. అందులో సిటీకి వాటా ఉంది, ఘనపూర్‌కు ఉంది, నిజాంసాగర్‌కు ఉంది, సింగూరు కాలువ కింది ఆయకట్టుకు ఉంది. నిండిన ఏడాది అందరికీ సరిపోతుంది. సగం నిండిన ఏడాది ఎవరి వాటా ఎంత తగ్గాలి అన్నది మాత్రం ఏ ఏటికాయేడు పైనుంచి వచ్చే ఆదేశంతో తేలుతుంది. తాగునీటికే మొదటి ప్రాధాన్యం అన్న సూత్రం సరైనదే, దాన్ని ఎవరూ కాదనరు. ఆ సూత్రం పేరు చెప్పి పొలం ఎండిపోయిన రైతుకు నష్టపరిహారం కూడా సిటీ బిల్లులోంచే రావాలి కదా, ఆ మాటే ఎవరూ ఎత్తరు.

కృష్ణా సంగతి ఇంకా చిక్కు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, 510కి దిగిందంటే పుట్టంగండి దగ్గర సిటీకి నీళ్లెత్తే మామూలు పంపులకు అందవు, ఎమర్జెన్సీ పంపులు దించాలి. ఆ 510 పైన ఎన్ని అడుగులు ఎవరు వాడుకోవాలన్నది రెండు రాష్ట్రాల మధ్య పంచాయితీ, 2014 విభజన చట్టం కింద వచ్చిన కృష్ణా బోర్డు ముందు వేసవి వేసవికీ నడుస్తుంది. 2023 నవంబరు 30న, తెలంగాణ పోలింగ్ రోజున, సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురుబొదురుగా నిలబడ్డారు. తుర్కయాంజాల్‌లో నల్లా తిప్పే మనిషికి ఆ డ్యామ్ మీద ఏం జరుగుతుందో తెలియకపోవచ్చు, ఆమె బిందె నిండడం మాత్రం దాని మీదే ఆధారపడి ఉంది. డెడ్ స్టోరేజీ నుంచి, అంటే మామూలుగా అందని అడుగు నీళ్ల నుంచి కూడా తీసుకునేలా సుంకిశాల దగ్గర కొత్త ఇన్‌టేక్ కడుతున్నారు, 2024 ఆగస్టులో అక్కడ రిటైనింగ్ వాల్ కూలింది. కట్టడం పూర్తయితే పంపు అందుతుంది, నిజమే. కానీ లోతుకు అందడం, వాటా దక్కడం ఒకటి కాదు.

ఇక వాడిన నీళ్ల కథ. అసలు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే, తక్కువ మాట్లాడుకునేదీ ఇదే. 1970ల నాటి బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీళ్లు పంచినప్పుడు ఒక నియమం పెట్టింది. తాగునీటికి నది నుంచి తీసుకున్నదంతా ఖర్చు కింద రాయొద్దు, 20 శాతమే రాయాలి అని. ఎందుకంటే ఇంట్లో వాడిన నీళ్లలో ఎక్కువ భాగం ఆవిరైపోదు, స్నానం చేసిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, ఫ్లష్ చేసిన నీళ్లు డ్రైనేజీలో పడి మళ్లీ నదికే చేరతాయి. సిటీ సాగర్ నుంచి 16.5 టీఎంసీలు తీసుకుంటే ఖాతాలో పడేది 3.3. తెలంగాణ ఈ లెక్కను బోర్డు ముందు గట్టిగానే వినిపిస్తూ వస్తోంది.

లెక్క న్యాయమైనదే. అయితే ఆ మిగతా 80 శాతం ఏ రూపంలో తిరిగి చేరుతోందో చూడాలి. శుద్ధి చేసింది కొంత, చేయనిది కొంత మూసీలో పడుతుంది. పీర్జాదిగూడ దాటాక నది నీళ్లు నల్లగా ఉంటాయి, నదికి అడ్డంగా కట్టిన చిన్న చిన్న కత్వాల దగ్గర తెల్లటి నురగ గుట్టలుగా లేస్తుంది. ప్రతాపసింగారం, ఎదులాబాద్, పిల్లాయిపల్లి కత్వాల నుంచి ఆ నీళ్లే కాలువల్లో పారి గడ్డి పెంచుతాయి, వరి పండిస్తాయి. ఆ గడ్డి తిన్న గేదెల పాలు పొద్దున్నే సిటీకే వస్తాయి. సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టుకు చేరేదీ ఆ నీళ్లే. అక్కడి నుంచి ఇంకా కిందికి పోయి వాడపల్లి దగ్గర కృష్ణాలో కలుస్తుంది, ఆ వెంటనే పులిచింతల, దాని కింద ప్రకాశం బ్యారేజి. కృష్ణా నుంచి ఎత్తిన నీళ్లను, వాటికి తోడు గోదావరి నుంచి తెచ్చిన నీళ్లను మురుగుగా మార్చి మళ్లీ కృష్ణాలో కలుపుతున్నాం, కింద విజయవాడ తాగేది ఆ నదే. ఎండాకాలం ఎండిపోవాల్సిన మూసీ ఇవాళ ఏడాది పొడుగునా పారుతోందంటే ఆ పారేది మన డ్రైనేజీయే.

ఈ కింది ఊళ్ల వాళ్ల పరిస్థితి విచిత్రమైనది. నీళ్లు వద్దనలేరు, బతుకు దాని మీదే. కావాలనీ అనలేరు, చర్మం దురదలు, కీళ్ల నొప్పులు, చేదెక్కిన బోర్లు. సిటీలో ఎస్టీపీలు (మురుగునీటి శుద్ధి ప్లాంట్లు) కట్టి, శుద్ధి చేసిన నీళ్లను ఫ్యాక్టరీలకూ గార్డెన్లకూ అమ్ముకుందామన్న ఆలోచన మంచిదే. కానీ అమ్మేస్తే ఎదులాబాద్ కాలువలో ఏం మిగులుతుంది? శుద్ధి చేసి వదలడం ఎంత ముఖ్యమో, ఎంత వదులుతామని మాటివ్వడం అంత ముఖ్యం. 2021లో 31 కొత్త ఎస్టీపీలకు 3,866 కోట్లు మంజూరయ్యాయి. ప్లాంట్ల గురించి వందల ప్రెస్ నోట్లు వచ్చాయి. కింది జిల్లాలకు ఏటా ఇన్ని టీఎంసీలు, ఈ నాణ్యతతో అని రాసిచ్చిన హామీ మాత్రం ఎక్కడా కనబడదు.

ఇట్లాంటి ఒప్పందాలు కుదరవు, రాజకీయం ఒప్పుకోదు అనేవాళ్లున్నారు. తెలుగువాళ్లమే ఒకప్పుడు కుదిర్చి చూపించాం. చెన్నై గొంతు తడపడానికి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర మూడూ తమ కృష్ణా వాటాల్లోంచి తలా 5 టీఎంసీలు ఇచ్చేందుకు 1976లోనే ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ హయాంలో తెలుగుగంగ ఒప్పందం అయింది. ఆవిరి, ఇంకుడు పోను 12 టీఎంసీలు తమిళనాడు సరిహద్దులో అందించాలి. శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా వచ్చి, కండలేరు నుంచి పూండి దాకా 177 కిలోమీటర్ల కాలువ. 1996లో నీళ్లు పూండికి చేరాయి. ఆ తర్వాత కాలువ గట్లు కొట్టుకుపోయి నష్టం జరుగుతుంటే సత్యసాయి ట్రస్టు ముందుకొచ్చి బాగుచేయించింది. చాలా ఏళ్లు ఆ 12 టీఎంసీలు పూర్తిగా అందని మాట వాస్తవమే. అయినా ఇందులో నేర్చుకోదగ్గ విషయం ఒకటుంది. ఆ కాలువ దారి పొడుగునా కర్నూలు, కడప, నెల్లూరు, చిత్తూరు రైతులకూ సాగునీరు అనుకున్నారు కాబట్టే అది నిలబడింది. ఒట్టి చెన్నై పైపు అయి ఉంటే రాయలసీమ ఊళ్ల మీదుగా అంత దూరం పోనిచ్చేవాళ్లా?

ఎల్లంపల్లి పైపుకు అట్లాంటి ఏర్పాటు మొదట్లో అంతంతమాత్రమే. కరీంనగర్, సిద్దిపేట పల్లెల పక్క నుంచి మూడు మీటర్ల లైను పోతుంటే ఊళ్లో వాళ్లు చూస్తూ ఉండిపోయారు, తర్వాత మిషన్ భగీరథ వచ్చాక కొంత మేలు. మల్లన్నసాగర్ విషయంలో ఇది ఇంకా బరువైన ప్రశ్న. ఆ 50 టీఎంసీల రిజర్వాయరు కోసం వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు పూర్తిగా మునిగాయి. ఊరు వదిలిపెట్టి వచ్చిన కుటుంబాల నీళ్లతో గండిపేట నింపుతున్నప్పుడు, ఆ కుటుంబాలకు పునరావాస కాలనీల్లో ఏ లోటూ లేకుండా చూడటం కూడా నీటి పథకం ఖర్చులో భాగమే కావాలి.

బయటి దేశాల్లో ఎట్లా ఉందో చూడాలంటే మనవాళ్లు గట్టిగా స్థిరపడిన చోటే ఒకటుంది. చికాగో శివార్లలో నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్‌లలో తెలుగు కుటుంబాలు చాలానే ఉంటాయి. అక్కడా ఒకప్పుడు చాలా శివార్లు బోర్ల మీదే బతికాయి, కింద లోతైన ఇసుకరాతి పొర. తోడి తోడి నీటి మట్టం కొన్నిచోట్ల 800 అడుగుల పైచిలుకు పడిపోయింది. పక్కనే మిషిగన్ సరస్సు, సముద్రమంత ఉంటుంది, కానీ ఎవరికి కావాల్సినంత వాళ్లు తోడుకోవడానికి లేదు. ఇల్లినాయ్ రాష్ట్రం సరస్సు నుంచి సెకనుకు 3,200 ఘనపుటడుగులకు మించి తీసుకోకూడదని 1967లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ గీత లోపలే అందరూ సర్దుకోవాలి. అందుకని శివారు ఊళ్లు కలిసి కమిషన్లు పెట్టుకున్నాయి. డుపేజ్ కౌంటీ ఊళ్లు డుపేజ్ వాటర్ కమిషన్ కింద 1992 నుంచి చికాగో శుద్ధి చేసిన సరస్సు నీళ్లు కొనుక్కుంటున్నాయి. బోర్లు ఆపేసిన చోట భూగర్భ మట్టం వందల అడుగులు మళ్లీ పైకి లేచింది.

కలవని ఊళ్లకు ఆ తర్వాత గండం వచ్చింది. జోలియట్ అనే లక్షన్నర జనాభా పట్టణానికి 2030 నాటికి ఎండాకాలపు డిమాండును బోర్లు తట్టుకోలేవని నిపుణులు తేల్చారు. 2021లో అది చికాగో నీళ్లవైపు మొగ్గింది, చుట్టుపక్కల ఇంకో ఐదు ఊళ్లను కలుపుకుని గ్రాండ్ ప్రెయిరీ వాటర్ కమిషన్ పెట్టుకుంది. సరస్సు నీళ్లు కావాలంటే రాష్ట్రం పెట్టే షరతు ఒకటుంది, లెక్కకు రాని నీళ్లు, అంటే పంపినా లీకై పోయేవి, బిల్లు పడనివి, 10 శాతం దాటకూడదు. జోలియట్‌లో అవి మూడో వంతుకు అటూఇటుగా ఉండేవి. దాంతో సరస్సు పైపు రాకముందే ఊళ్లోని వందేళ్ల నాటి పైపులన్నీ తవ్వి మార్చడం మొదలుపెట్టాల్సి వచ్చింది. బిల్లులు బాగా పెరిగాయి, జనం గొణుక్కున్నారు, కానీ షరతు షరతే.

మన దగ్గర ఈ షరతు ఎవరు పెడుతున్నారు? హైదరాబాద్‌లోనూ లెక్కకు రాని నీళ్లు మూడో వంతుకు తగ్గవని ఏళ్లుగా అనుకుంటున్నదే. రోజుకు 600 మిలియన్ గ్యాలన్ల దగ్గర్లో సరఫరా చేసే ఊళ్లో మూడో వంతు అంటే గోదావరి మొదటి దశ తెచ్చినదానికంటే ఎక్కువే. అంత పోగొట్టుకుంటూ ఇంకో 20 టీఎంసీలు అడగడానికి పైజిల్లాల ముందు ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి? లీకేజీ తగ్గిస్తేనే కొత్త నీళ్లు అన్న నిబంధన జీవోలో రాయడానికి ఖర్చేమీ లేదు.

2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు దాకా ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపారు. శివార్ల నీళ్ల బాధ ఇక తీరినట్టే అని కొందరు అంటున్నారు. కొంత మేలు జరుగుతుంది, రేట్లు ఒకటవుతాయి, ఎవరి పైపు ఎవరిదన్న గొడవ తగ్గుతుంది, ఓఆర్ఆర్ చుట్టూ రింగ్ మెయిన్ (ఊరిని చుట్టే పెద్ద పైపు లైను) వేయాలన్న పాత ప్రతిపాదన ఊపందుకుంటే తూర్పు శివారు కొరతను పడమటి శివారు మిగులుతో సర్దొచ్చు. కానీ విలీనం వల్ల లోపలి హద్దులు చెరిగాయంతే. సింగూరు, సాగర్, ఎల్లంపల్లి, మల్లన్నసాగర్ అన్నీ ఆ రోడ్డుకు బయటే ఉన్నాయి, పిల్లాయిపల్లి కూడా. పైగా ఇన్నాళ్లూ తమ వార్డుకు నీళ్లు రాకపోతే నిలదీయడానికి దగ్గర్లో ఒక మున్సిపల్ చైర్మన్ ఉండేవాడు, ఇప్పుడు ఆ గొంతు వందల వార్డుల గొంతుల్లో ఒకటి.

ఇంటి దగ్గరున్న నీళ్లనూ ఈ ఒప్పందంలోకి తేవాలి. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్లలో నిర్మాణాలు కట్టడి చేసిన 1996 నాటి 111 జీవోను 2022లో సడలించారు. ఆ 84 గ్రామాల రైతులకు పాతికేళ్లు భూమి ధర పెరగకుండా ఆగిపోయిందన్నది నిజమైన బాధ, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. చెరువును కాపాడినందుకు ఆ ఊళ్లకు సిటీ ఏటా డబ్బు కట్టి ఉంటే జీవో ఎత్తేయమన్న ఒత్తిడి అంత వచ్చేది కాదు. అటు కాంక్రీటు కమ్మేసిన చెరువును నింపడానికి ఇప్పుడు గోదావరి నుంచి రెండున్నర టీఎంసీలు కరెంటు పెట్టి ఎత్తి తెస్తాం. బోర్ల విషయంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, బోరు వేయాలంటే అనుమతి కావాలి, అది ఎంతవరకు అమలవుతోందో రాత్రిపూట కాలనీల్లో వినిపించే రిగ్గు చప్పుడే చెబుతుంది. ఓ గేటెడ్ కమ్యూనిటీ వెయ్యి అడుగుల బోరు వేస్తే పక్క పల్లెలో రెండొందల అడుగుల బోరు ఆగిపోతుంది, ఆ పల్లె సర్పంచ్‌కు ఫిర్యాదు చేయడానికి ఒక చోటంటూ ఉండాలి.

కావాల్సిన సంస్థ కొత్తగా భారీ భవనం, వాహనాలతో రానక్కర్లేదు. వాటర్ బోర్డు, నీటిపారుదల శాఖ, సంగారెడ్డి, మెదక్, సిద్దిపేట, పెద్దపల్లి, నల్గొండ, యాదాద్రి, సూర్యాపేట జిల్లాల ప్రతినిధులు, ఆయకట్టు రైతుల నుంచి కొందరు, శివారు కాలనీల నుంచి కొందరు ఏడాదికి రెండుసార్లు, అక్టోబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి కూర్చోవాలి. అక్టోబరుకు వానలెట్లా పడ్డాయో తేలిపోతుంది. రిజర్వాయరు ఫలానా మట్టానికి తగ్గితే సిటీ సరఫరా ఇంత శాతం తగ్గాలి, ఆ కోత శివార్ల మీదే కాకుండా జూబ్లీహిల్స్ మీద కూడా సమానంగా పడాలి, ఆయకట్టుకు క్రాప్ హాలిడే (పంట విరామం) ఇస్తే ఎకరానికి ఇంత అని సిటీ కట్టాలి, మూసీలోకి వదిలే నీళ్ల నాణ్యత కొలిచే మీటర్లు నల్గొండ వాళ్ల చేతిలో ఉండాలి. ఇవన్నీ నీళ్లున్న ఏడాది రాసుకోవాలి, ఎండిన ఏడాది ఎవరూ ఎవరి మాటా వినరు. మల్లన్నసాగర్ లైను పూర్తి కావడానికి ఇంకా టైముంది. ఆ పైపు వాల్వు తిప్పకముందే ఈ కాగితం మీద సంతకాలు పడాలి, ఒకసారి నీళ్లు రావడం మొదలైతే సిటీకి ఇక కూర్చుని మాట్లాడే అవసరం కనిపించదు.